బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు

శ్రోతలకు నమస్కారం. దగ్గర్లో కుర్చీ ఉంటే కూర్చోండి. వీపు వెనక్కి ఆనించండి. రెండు పాదాలూ నేల మీద పెట్టండి. కాలు మీద కాలు వేసుకుని ఉంటే దించండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇరవై ఏళ్లకు పైగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేశాను. జ్వరాలు, దగ్గులు, విరేచనాలు, మోకాళ్ల నొప్పులు, కుక్క కాట్లు, అన్నీ చూశాను. వాటన్నిటిలో ఒక్కదాని గురించి మాట్లాడమంటే బీపీ గురించే మాట్లాడతాను. జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది, పన్ను పుచ్చితే రాత్రి నిద్ర పట్టదు. బీపీ మాత్రం ఉన్నట్టు చెప్పదు. తలనొప్పి వస్తే బీపీ పెరిగిందని, మెడ పట్టేస్తే బీపీయేనని మనవాళ్లు అనుకుంటారు. పై అంకె 180 ఉండి కూడా హాయిగా పొలం పని చేసుకునేవాళ్లను ఎందరినో చూశాను. అందుకే దాన్ని తెలుసుకోవడానికి కొలత తప్ప దారి లేదు. కొలత తప్పితే మిగతా వైద్యమంతా తప్పుతుంది.

ఆ కొలత ఎలా పుట్టిందో చెప్పనివ్వండి. ఇది చెవితో కనిపెట్టిన విషయం, రేడియో వినేవాళ్లకు నచ్చుతుంది.

1896లో ఇటలీలో రీవా రోచీ అనే వైద్యుడు చేతికి చుట్టే గాలి పట్టీని తయారుచేశాడు. పట్టీలోకి గాలి కొట్టి, మణికట్టు దగ్గర నాడి ఎప్పుడు ఆగిపోతుందో వేలితో చూసేవారు. పై అంకె ఒక్కటే తెలిసేది. కింది అంకె వేలికి అందలేదు.

రష్యాలో నికొలాయ్ కొరొత్కోవ్ అనే యువ శస్త్రవైద్యుడు ఉండేవాడు. రష్యా, జపాన్ దేశాల మధ్య యుద్ధం జరుగుతున్న రోజులవి. తూటాలు తగిలి రక్తనాళాలు తెగిన సైనికులకు అతను వైద్యం చేశాడు. దెబ్బతిన్న నాళాన్ని కట్టేస్తే ఆ చెయ్యి, ఆ కాలు బతుకుతుందా లేదా? ఇదీ అతని ముందున్న ప్రశ్న. దానికోసం నాళాల మీద స్టెతస్కోప్ పెట్టి వినడం అలవాటు చేసుకున్నాడు. అలా వింటూ వింటూ ఒక సంగతి గమనించాడు. గాలి పట్టీ బాగా బిగిసి రక్తం పూర్తిగా ఆగిపోతే, మోచేతి మడత దగ్గర నిశ్శబ్దం. గాలి కొంచెం కొంచెం వదులుతూ పోతే, ఒకచోట 'టక్' అని చిన్న చప్పుడు. తర్వాత టక్, టక్, టక్. మధ్యలో బుస కొట్టినట్టు ఒక శబ్దం. మళ్లీ టక్, టక్. చివరికి చప్పుడు మందగించి, మాయమైపోతుంది. మళ్లీ నిశ్శబ్దం.

మొదటి చప్పుడు వినిపించిన చోటు పై అంకె. చప్పుడు మాయమైన చోటు కింది అంకె. వేలికి అందనిది చెవికి అందింది.

ఎందుకు ఆ చప్పుడు? నిండుగా, నింపాదిగా పారే కాలువ చప్పుడు చేయదు. తూము సగం మూసి చూడండి, నీరు ఎలా హోరెత్తుతుందో. రక్తం కూడా అంతే. దారి ఇరుకైనప్పుడే దాని గొంతు వినిపిస్తుంది.

1905 నవంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని సైనిక వైద్య అకాడమీలో కొరొత్కోవ్ ఈ విషయం చెప్పాడు. ఆ నివేదిక ఒక పేజీ కూడా లేదు. అవి గుండె చప్పుళ్లేనేమో అని కొందరు పెద్దలు సందేహించారు. కాదు, పట్టీ కింద నాళంలోనే పుడుతున్నాయని అతను నిలబడ్డాడు. 1920లో క్షయతో కన్నుమూశాడు, అప్పటికి అతనికి 46 ఏళ్లే. నూరేళ్లు దాటినా మన పల్లెలో ఏఎన్ఎం అమ్మాయి స్టెతస్కోప్ చెవిలో పెట్టుకుని వినేది ఆ చప్పుళ్లనే. ఆ ఒక్క పేజీ అంటే నాకు చాలా గౌరవం.

ఇంత చక్కని సాధనం మన చేతిలో ఉండి కూడా మనం తొందరపడి దాన్ని పాడుచేస్తున్నాం. నేనూ పాడుచేశాను.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. నాట్ల కాలం. ఓపీ కిటకిటలాడుతోంది. అరవై దాటిన ఒక రైతు, తన భార్యకు మందుల కోసం వచ్చి, "డాక్టరు గారూ, పనిలో పని నాకూ ఒకసారి బీపీ చూడండి" అన్నాడు. నిలబెట్టే చూశాను. చొక్కా చెయ్యి పైకి మడిస్తే అది జబ్బకు తాడులా బిగిసింది. చెయ్యి కిందికి వేలాడుతోంది. ఆయన ఆగకుండా మాట్లాడుతున్నాడు, నేను ఆగకుండా అడుగుతున్నాను. 170, 100. మాత్రలు రాసి పంపేశాను.

ఐదో రోజు తలకు కట్టుతో వచ్చాడు. తెల్లవారుజామున మంచం దిగుతుంటే కళ్లు తిరిగి పడిపోయాడట. మా సిస్టర్ ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నా దగ్గరకు వచ్చి మెల్లగా చెప్పింది: "మొన్న ఆయన ఎండలో నాలుగు కిలోమీటర్లు సైకిలు తొక్కి, దిగీ దిగగానే మీ ముందుకు వచ్చాడండీ." మాత్రలు ఆపాను. ఆ తర్వాత రెండు వారాల్లో మూడుసార్లు, కూర్చోబెట్టి, మాట్లాడనివ్వకుండా చూశాం. ఒక్కసారి కూడా 136 దాటలేదు. ఆయనకు బీపీ లేదు. ఆయనకు లేని జబ్బును నేను కాగితం మీద రాసిచ్చాను. ఆ తల మీది కట్టు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

అందుకని ఈ రోజు మీకు చెప్పేది ఒకటే. ఐదు నిమిషాలు కూర్చోండి. మందులకు వెళ్లినా, ఇంట్లో మిషను పెట్టుకున్నా, ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. టీ, కాఫీ, బీడీ, సిగరెట్ అరగంట ముందే మానండి. మూత్రం వస్తుంటే వెళ్లి రండి. ఆపుకుని కూర్చుంటే అంకె పెరుగుతుంది. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి. పట్టీ చర్మం మీద చుట్టాలి, బట్ట మీద కాదు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. కొలుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. ఈ చివరిది మనకు కష్టమని తెలుసు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఇంటి సంగతులన్నీ చెప్పుకోవడం మన స్వభావం, నాకు ఇష్టమైన స్వభావం కూడా. ఆ రెండు నిమిషాలు మాత్రం ఆగండి. ఒక నిమిషం ఆగి మళ్లీ కొలవమనండి.

అలా కొలిచినప్పుడు వేర్వేరు రోజుల్లో పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, లేదా అంతకు మించి గానీ వస్తుంటే బీపీ ఉన్నట్టే. ఇంట్లో కొలిచేవాళ్లు 135, 85 దగ్గరే డాక్టరుకు చెప్పండి. 180 దాటి, గుండెలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి పట్టుతప్పడం లాంటివి ఉంటే మాత్రం రోజులూ వారాలూ చూడకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఉన్నదని తేలితే? ఉప్పు రోజుకు ఒక చెంచా, అంటే 5 గ్రాములు మించకూడదు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఎండుచేప, వీటిలో ఉన్నదీ ఆ లెక్కలోనే. మోకాళ్ల నొప్పులకు దుకాణంలో కొనుక్కుని రోజూ మింగే నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి. మీ డాక్టరుకు ఆ సంగతి దాచకండి. బీపీ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. అంకె మామూలుకు వచ్చిందని చాలామంది వాటిని ఆపేస్తారు. అమ్మా, అయ్యా, అంకె దిగింది ఆ మాత్ర వల్లే. మానితే మళ్లీ ఎక్కుతుంది. పక్షవాతంతో మంచాన పడినవాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడు, గూట్లో సగం వాడి వదిలేసిన మాత్రల అట్టలు ఎన్నోసార్లు చూశాను.

ఆ రైతు వచ్చిన మరుసటి వారమే మా వరండాలో నాలుగు కుర్చీలు వేయించాం. బీపీ చూపించుకునేవాళ్లు ముందు అక్కడ కూర్చోవాలి. ఓపీ ఆలస్యమవుతుందని మొదట అందరూ విసుక్కున్నారు. నిజానికి ఏమీ ఆలస్యం కాలేదు, ఎలాగూ వరుసలో నిలబడేవాళ్లే కదా. ఆ సమయం కూర్చోవడంలో గడిచింది, అంతే.

మొదట్లో మిమ్మల్ని కూర్చోమన్నాను. వీపు ఆనించమన్నాను, కాళ్లు దించమన్నాను. మీరు మాట్లాడకుండా నా మాటలు వింటూ ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయింది. ఇంట్లో మిషను ఉంటే, తెచ్చిపెట్టమని ఎవరినైనా పిలవండి. మీరు లేవకండి. చెయ్యి బల్ల మీద పెట్టండి. ఇప్పుడు చూసుకోండి.