నీళ్ళ సంగతి చెప్పమను

శ్రోతలకు నమస్కారం.

రేడియోలో "వాయుగుండం" అనే మాట వినబడితే చాలు, మా అమ్మమ్మకు కోపం వచ్చేది. "గాలి ఊసు ఎప్పుడూ చెబుతారు. నీళ్ళ సంగతి చెప్పమను" అనేది. రేడియోతో పోట్లాడే మనిషిని చూసి చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని. ఇవాళ ఆ రేడియోలోనే ఆవిడ గురించి మాట్లాడుతున్నాను. ఉంటే ఏమనేదో!

అమ్మమ్మది దివిసీమ. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న నేల అది.

1977 నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్ళి వారం దాటింది. పొలాల్లో వరి కోతకు రాబోతోంది. తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారు, ఆ మాట అబద్ధం కాదు. అయితే ఊళ్ళో రేడియో ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. విన్నవాళ్ళు కూడా గాలికే సిద్ధపడ్డారు. తాటాకు కప్పుల మీదుగా తాళ్ళు బిగించి, తలుపులు మూసుకుని లోపల కూర్చున్నారు. గాలికైతే చేయవలసింది అదే. నీళ్ళు వచ్చినప్పుడు మూసిన ఇల్లు బోనవుతుంది.

తుఫాను గాలి గంటల తరబడి సముద్రపు నీటిని ఒడ్డుకు తోస్తుంది. ఒడ్డు దగ్గర లోతు తక్కువైతే ఆ నీరు వెనక్కు మళ్ళే దారిలేక పైకి లేస్తుంది. దాన్నే మనవాళ్ళు ఉప్పెన అన్నారు. ఆ రోజు ఐదారు మీటర్ల ఎత్తున లేచిన నీళ్ళు, చేత్తో చదును చేసినట్టుండే ఆ నేల మీద మైళ్ళకొద్దీ లోపలికి వచ్చాయి. సొర్లగొంది వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కలోనే చనిపోయినవారు పదివేలు.

మా ఇంటి లెక్క వేరు. తాతయ్య కొట్టంలోకి పరుగెత్తి పశువులను విప్పి వదిలేశాడు. చేతిలో మిగిలిన పలుపుతాళ్ళతో పిల్లలను ఇంటి వెనక తాటిచెట్లకు కట్టాడు. అమ్మకు అప్పుడు పన్నెండేళ్ళు. తెల్లవారేదాకా నీటి ఊపుకు తాటిమాను చెంపకు ఒరుసుకుంటూనే ఉందట. ఆ గీత ఇప్పటికీ ఎడమ చెంప మీద ఉంది, పౌడరు రాసుకుంటే ఇంకా బాగా కనిపిస్తుంది. అమ్మమ్మను ఎంతమంది పిల్లలని ఎవరడిగినా "నలుగురు" అనే చెప్పేది. మాకు తెలిసింది అమ్మ, మామయ్య, పిన్ని. ముగ్గురే.

నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు వచ్చాయని మామయ్య అంటాడు. తాటిచెట్టు ఐదారు మీటర్ల దగ్గర ఆగుతుందా? ఇంట్లో చెప్పుకునే కథలో నీటిమట్టం ఏటా కొంత పెరుగుతూనే ఉంటుంది. నేను సరిదిద్దను. ఆ కథ పని కొలవడం కాదు, కదిలించడం.

అది 1990 మేలో కళ్ళారా చూశాను. వేసవి సెలవులకు అమ్మమ్మ దగ్గరే ఉన్నాను. నాకు పదేళ్ళు. రేడియోలో తుఫాను మాట వచ్చింది. ఇంకా ఎండ కాస్తూనే ఉంది. అమ్మమ్మ పొయ్యి మీద అన్నం దించి, ఆ గిన్నెను తువ్వాలులో మూటకట్టింది. తలుపు పక్క మేకుకు ఎప్పుడూ వేలాడే పలుపుతాడు తీసి భుజాన వేసుకుంది. ఇంటికి తాళం వేయలేదు. పైగా తలుపులు రెండూ బార్లా తీసి, కదలకుండా రాళ్ళు పెట్టింది. "నీళ్ళు వస్తే ఇటు వచ్చి అటు పోనీ" అంది. ఎవరూ వచ్చి చెప్పకముందే మమ్మల్ని బడి డాబా మీదికి ఎక్కించింది. ఎగతాళి చేసిన పక్కింటివాళ్ళు సాయంత్రానికి పైనే మా పక్కన కూర్చున్నారు. మే 9న ఆ తుఫాను కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గరలోనే తీరం దాటింది. చాలా తీవ్రమైనదే, అయినా ఈసారి మృతులు వెయ్యి లోపు. లక్షమందికి పైగా జనాన్ని ముందే తరలించడం అందుకు ప్రధాన కారణం. సర్కారు బండి వచ్చినప్పుడు మారు మాట్లాడకుండా ఎక్కిన ముసలివాళ్ళకు కూడా అందులో వాటా ఉందని నా నమ్మకం.

ఇక్కడే నన్ను తొలిచే సంగతి ఒకటుంది. 1864 నవంబరు 1 రాత్రి ఇదే తీరాన, మచిలీపట్నంలో, ఉప్పెన సుమారు ముప్ఫైవేల మందిని పొట్టన పెట్టుకుంది. అమ్మమ్మ ఊరికి అది ఎంతో దూరం కాదు. అయినా 1977 నాటికి మా ఇంట్లో ఆ మాట ఎత్తినవారు లేరు. నూటపదమూడేళ్ళు, అంటే నాలుగైదు తరాలు. మధ్యలో ఎక్కడో ఒక అమ్మమ్మ చెప్పడం మానేసి ఉండాలి. ఏడుపు గుర్తుకొస్తుందని మానేసిందేమో.

ఇండోనేషియాలో సిమెలూ అనే దీవి ఉంది. 1907లో అక్కడ సునామీ వచ్చి చాలామంది పోయారు. బతికినవారు దానికి "స్మాంగ్" అని ఒకే ఒక్క మాట పెట్టుకుని, జోలపాటల్లో, కథల్లో పిల్లలకు అందించారు. భూమి గట్టిగా ఊగి, సముద్రం వెనక్కు తగ్గితే కొండెక్కండి, అంతే. 2004 డిసెంబరు 26న ఆ దీవి భూకంప కేంద్రానికి అతి దగ్గరలో ఉంది. దాదాపు డెబ్బై ఎనిమిది వేల జనంలో చనిపోయింది ఏడుగురే. అదే ఉదయం ఎంతో దూరాన ఉన్న మన కోస్తాలో వందమందికి పైగా పోయారు. మన భాషలో ఉప్పెన అనే మాట ఉంది కానీ, భూమి ఊగితే కొండెక్కమని చెప్పే జోలపాట మాత్రం లేదు.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. అమ్మ విజయవాడలో మా దగ్గరే, మూడో అంతస్తులో ఉంటుంది. పలుపుతాడు ఆవిడ బీరువాలో పట్టుచీరల కింద ఉంది. మొన్న ఫోనుకు తుఫాను హెచ్చరిక వచ్చింది. గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగంతో గాలులు వీస్తాయో మా అమ్మాయి గట్టిగా చదివి వినిపించింది. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల ఎత్తకుండానే అడిగింది:

"నీళ్ళ సంగతేమైనా రాశారా, చూడు."