సెల్‌ను కోయకుండా లోపాన్ని చూడాలి

అధ్యక్షులకు, పరిశోధక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. సిలికాన్ సోలార్ సెల్‌లలోని లోపాలను అయస్కాంత అనునాదంతో అధ్యయనం చేయడం గురించి మాట్లాడమన్నారు. ఈ విషయంలో నేను పట్టుబట్టి చెప్పదలచింది ఒకటే: సెల్‌లోని లోపాన్ని ఆ సెల్ పనిచేస్తుండగానే చూడాలి.

సిలికాన్‌లో ప్రతి పరమాణువూ నాలుగు పొరుగు పరమాణువులతో బంధం కలుపుకొని ఉంటుంది. ఉపరితలం దగ్గరో, పొరల సరిహద్దులోనో ఒక బంధం తెగితే అక్కడ జంట లేని ఎలక్ట్రాన్ మిగులుతుంది. వెలుతురు విడదీసిన ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ అయిన రంధ్రం బయటి తీగను చేరకుండా అక్కడే మళ్ళీ కలిసిపోతే ఆ మేరకు విద్యుత్తు నష్టమే. అయితే జంట లేని ఎలక్ట్రాన్‌కు స్పిన్ అనే అయస్కాంత గుణం ఉంటుంది. 1944లో రష్యాలోని కజాన్‌లో భౌతిక శాస్త్రవేత్త జవోయ్‌స్కీ కనుగొన్న స్పిన్ అనునాదం దాన్ని పట్టిస్తుంది: 9.5 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌లు పంపుతూ అయస్కాంత క్షేత్రాన్ని మెల్లగా పెంచితే, సుమారు 0.34 టెస్లా దగ్గర స్పిన్ తిరగబడుతుంది. అనునాదం ఏ క్షేత్రం దగ్గర వస్తుందో చెప్పి, లోపాన్ని గుర్తుపట్టించే సంఖ్యను జీ విలువ అంటాం; పరమాణువులు క్రమం లేకుండా అమరిన అమార్ఫస్ సిలికాన్‌లో తెగిన బంధానికి అది 2.0055.

తర్వాత గ్రాఫులు చూపాలనుకున్నాను. వాటికి ముందు ఒక అనుభవం చెప్పక తప్పదు. తొలినాళ్ళలో పరికరపు గొట్టంలో పట్టడానికి సెల్‌ను వజ్రపు మొనతో గీసి, సన్నని ముక్కలుగా విరిచేవాణ్ణి. సరిగ్గా 2.0055 దగ్గరే చక్కని సంకేతం వచ్చింది. నెలల తరబడి దాన్ని తయారీలోని లోపంగానే లెక్కగట్టాను. ఒకనాడు విరిచిన అంచులను ఆమ్లంతో కరిగించి చూస్తే సంకేతం దాదాపు మాయమైంది. నేనన్నాళ్ళూ కొలిచింది సెల్ లోపాన్ని కాదు, నా చేతులతో చేసిన గాయాన్ని. విద్యార్థులారా, మీ నెలలు అలా పోకూడదని ఈ మాట చెబుతున్నాను.

గ్రాఫులను పక్కన పెట్టి దీనికి విరుగుడే చెబుతాను. సిలికాన్‌లో అనునాదం వేళ విద్యుత్ వాహకత మారుతుందని 1972లో లెపీన్ అనే పరిశోధకుడు చూపాడు. సమాంతర స్పిన్‌లున్న రెండు ఎలక్ట్రాన్‌లు ఒకే స్థితిలో ఇమడవు గనుక, లోపంలోని ఎలక్ట్రాన్ స్పిన్ దిశలోనే స్పిన్ ఉన్న మరో ఎలక్ట్రాన్ ఆ లోపంలో పడజాలదు. మైక్రోవేవ్ ఒక స్పిన్‌ను తిప్పగానే ఆ అడ్డు తొలగి, ఎలక్ట్రాన్, రంధ్రం మళ్ళీ కలిసిపోయే పునస్సంయోగం పెరిగి, వెలుతురు పుట్టించిన కరెంటు తగ్గుతుంది. ఆ తగ్గుదల చాలాసార్లు పదివేలలో ఒక వంతుకు మించదు. అయినా కొలవగలం, పైగా అది కరెంటును నిజంగా తినే లోపం నుంచే వస్తుంది. ఈ కొలతతో లోపాల సంఖ్య నేరుగా తేలదు. రెండు ఎలక్ట్రాన్‌లు జతకూడిన లోపం అసలు కనిపించదు. ఈ హద్దులు తెలిసే దీన్ని కోరుతున్నాను.

సెల్‌లు తయారుచేసే మిత్రులకు ఒక అభ్యర్థన. పెద్ద సెల్‌కు పొరలు వేసేటప్పుడు, అదే పళ్ళెంలో కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న పలకను కూడా ఉంచండి. దాన్ని ముందే కోసి, అంచులను ఆమ్లంతో శుభ్రపరచి, ఆ తర్వాతే పొరలు వేయండి. లోహపు కొసలను సన్నగా, పొడవుగా లాగి మైక్రోవేవ్ పెట్టె వెలుపల కలిపితే చాలు, ఆ సెల్‌ను మళ్ళీ ముట్టుకోవలసిన పని నాకు ఉండదు.