భౌతికశాస్త్ర విభాగంలో పాత రికార్డులను భద్రపరచడం ఎలా?

నమస్కారం. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో భౌతికశాస్త్రం బోధిస్తున్న అధ్యాపకులకూ, పరిశోధక విద్యార్థులకూ ఈ వీడియోలో ఒకే పని చూపించబోతున్నాను. ప్రయోగశాల బీరువాలో ఏళ్ల తరబడి కట్టలుగా పడి ఉన్న కాగితాలను ఎలా విప్పాలి, ఎలా నమోదు చేయాలి అన్నదే ఆ పని.

కట్ట విప్పేముందు దాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఫొటో తీయండి. సంవత్సరాల వారీగా సర్దేయాలనిపించడం సహజమే. కాని ఒక అధ్యాపకుడు ప్రాక్టికల్ ప్రశ్నపత్రాన్నీ, పరికరం మరమ్మతు రసీదునూ ఒకే ఫైలులో పెట్టుకున్నారంటే, ఆ ఏడు ఆ ప్రయోగాన్ని పరీక్షలో ఎందుకు ఇవ్వలేదో ఆ రెండూ పక్కపక్కన ఉంటేనే తెలుస్తుంది.

తరువాత ఆ కాగితం ఎవరిదో తేల్చాలి. మన దగ్గర పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. నల్లగొండలో విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. అంతకుముందు ఇక్కడి డిగ్రీ కళాశాలలు ఉస్మానియాకు అనుబంధంగా ఉండేవి. కాబట్టి 1985 నాటి రికార్డును నేటి విశ్వవిద్యాలయం పేరు కింద చేర్చకూడదు. కళాశాల పేరూ, అప్పటి అనుబంధమూ రాసి, ఇప్పుడు ఎక్కడ భద్రంగా ఉందో వేరే గడిలో రాయండి.

ఈ రికార్డు పుస్తకాన్ని దగ్గరగా చూడండి. కుడివైపు గీతల పేజీలో సిరాతో సూత్రం, విధానం. ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిలుతో విద్యుత్ వలయం బొమ్మ, పట్టిక. అట్టడుగున ఎర్ర సిరాతో అధ్యాపకుడి పొట్టి సంతకం, తేదీ. ప్రయోగం టాంజెంట్ గాల్వనోమీటర్, అంటే అయస్కాంత సూది ఎంత కోణం తిరిగిందో చూసి విద్యుత్తును కొలిచే పరికరం. సూచిక రెండు కొసల దగ్గరా రెండు కోణాలు, విద్యుత్ దిశ మార్చాక మరో రెండు, మొత్తం 4 చొప్పున నింపిన ఈ పట్టికలో కోణాలన్నీ 45 డిగ్రీల చుట్టూనే ఉన్నాయి. అక్కడ దోషం కనిష్ఠంగా ఉంటుంది గనుక విద్యుత్తును అలా సరిచేసుకోమని తరగతిలో చెప్పారన్నమాట. పాఠం ఎలా చెప్పారో పాఠ్యప్రణాళికలో దొరకదు, ఇదిగో, ఈ పట్టికలో దొరుకుతుంది. అందుకే కొట్టివేసిన అంకెలను కూడా వదలకండి. భూ అయస్కాంత క్షేత్రం విలువ ఆయిర్‌స్టెడ్ అనే పాత ప్రమాణంలో ఉంటే అలాగే నమోదు చేయండి, టెస్లాల్లోకి మార్చవద్దు.

పరికరాల కొనుగోలు వివరాలు రాసే స్టాకు రిజిస్టరు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. నేను పనిచేసిన ఒకచోట దాన్ని చిత్తుకాగితాలతో పాటు కిలోల లెక్కన అమ్మేశారు. స్పెక్ట్రోమీటరు ఇప్పటికీ బల్ల మీద ఉంది, కాని అది ఏ సంవత్సరంలో, ఎంతకు, ఎవరి కోసం కొన్నారో చెప్పగల కాగితం ఒక్కటీ మిగల్లేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

పరిశోధన కాగితాలలో సిద్ధాంత గ్రంథం శోధ్‌గంగలో, అంటే భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఉంచే వెబ్‌సైటులో దొరకవచ్చు, అసలు కొలతలు మాత్రం పరిశీలనల పుస్తకంలోనే ఉంటాయి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ నల్లగొండ మీదుగా సాగింది, ఉస్మానియా వారి రంగాపూర్ వేధశాల కూడా ఆ దారిలోనే ఉంది. అలాంటి రోజున రాసుకున్న సమయాలు, మబ్బు వివరాలు మీ విభాగంలో ఏ మూలనున్నా ముందు వాటినే బయటికి తీయండి, మళ్లీ కొలవడానికి వీల్లేని సంగతులవి.

ఇక చేతిపని. తుప్పు పట్టిన గుండుసూదులను నెమ్మదిగా తీయండి. సెల్లోటేపు, లామినేషన్ వద్దే వద్దు. సంఖ్యను పేజీ మూలన మెత్తని పెన్సిలుతోనే వేయండి. 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకు) తగ్గకుండా స్కాన్ చేసి, ఆ స్కాన్ మూలప్రతిని టిఫ్ అనే బొమ్మల ఫైలు రూపంలో ఉంచండి. మార్కులూ హాల్‌టికెట్ సంఖ్యలూ ఉన్న పేజీలను బయటివారికి చూపకుండా వేరే కవరులో పెట్టి, ఆ సంగతి జాబితాలో రాయండి. పెట్టెను నేల మీద కాకుండా, చెదలు అందని అరలో, గోడకు జానెడు దూరంలో పెట్టండి.