సీటు ఉంది, బస్సు రావాలి: రాయలసీమ ఉన్నత విద్యపై స్టూడియో చర్చ

(కర్నూలులో రికార్డు చేసిన చర్చ ఇది. ఇద్దరు ఒకేసారి మాట్లాడిన చోట్లను, పాత లెక్కల మీద సాగిన ఒక పక్క వాదనను వదిలేసి మిగతాది అక్షరబద్ధం చేశాం. పాల్గొన్నవారు నలుగురు: అర్థశాస్త్రంలో విశ్రాంత ఆచార్యులు ఒకరు, ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పే అధ్యాపకురాలు, సౌర విద్యుత్ రంగంలో పనిచేసిన ఇంజనీరు, కర్నూలు జిల్లా కోసిగి ప్రాంతం నుంచి వచ్చిన పీజీ విద్యార్థిని. తన పేరు వద్దని విద్యార్థిని కోరింది. ఒక్కరి పేరే తీసేస్తే బాగుండదని ఎవరి పేరూ రాయలేదు.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఒక అంకెతో మొదలుపెడతాను. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం, 18 నుంచి 23 ఏళ్ల వయసు జనాభాతో పోల్చి చూస్తే ఉన్నత విద్యలో చేరినవారు దేశంలో నూటికి 28.4, ఆంధ్రప్రదేశ్‌లో 36.5. ఈ అంకెను 2035 నాటికి 50కి చేర్చాలన్నది 2020 నాటి జాతీయ విద్యా విధానం లక్ష్యం. సీమలో ఇప్పుడు విశ్వవిద్యాలయాలకు కొదవ లేదు. మరి చిక్కు ఎక్కడుంది? సార్, మీరు మొదలుపెట్టండి.

ఆచార్యులు: కొదవ లేదన్నారు కాబట్టి కాస్త వెనక్కి వెళతాను, విసుక్కోవద్దు. అనంతపురంలో 1916లోనే దత్తమండల కళాశాల వచ్చింది. ఇప్పటి ఆర్ట్స్ కాలేజీ అదే. దత్తమండలాలు అనే పేరు మనకెందుకు, రాయలసీమ అందాం అని 1928లో నంద్యాల సభలో ప్రతిపాదించిన చిలుకూరి నారాయణరావు గారు ఆ కళాశాల అధ్యాపకులే. ఆయన పుట్టింది ఉత్తరాంధ్రలో, అది వేరే సంగతి. ఇక 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ భవనంలో కోస్తా పెద్దలు, సీమ పెద్దలు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. అందరికీ అందులోని నీళ్లు, రాజధాని గుర్తుంటాయి. కానీ వాటికంటే ముందు రాసుకున్న అంశం విశ్వవిద్యాలయం. వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో ఒక కేంద్రం ఉండాలని.

వ్యాఖ్యాత: అది ఎప్పటికి వచ్చింది?

ఆచార్యులు: 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తిరుపతికి వచ్చింది. అనంతపురం పీజీ కేంద్రంతో సరిపెట్టుకుంది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది 1981లో. అంటే ఒప్పందం నుంచి 44 ఏళ్లు. ఇంకో లెక్క చెబుతాను. ఉమ్మడి రాష్ట్రంలో కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో హైదరాబాద్‌లో మొదలైంది. అనంతపురంలో కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలైంది 2018లో. మళ్లీ 44 ఏళ్లే! (నవ్వు) అందుకే కొత్త సంస్థ వచ్చిన ప్రతిసారీ మా తరానికి కళ్లు చెమరుస్తాయి. కడపలో యోగి వేమన 2006లో, ఇక్కడ రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో, విభజన తర్వాత 2015లో తిరుపతికి ఐఐటీ, విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐసర్, కర్నూలుకు ఇంజనీరింగ్ చెప్పే ట్రిపుల్ ఐటీడీఎం. ఇవేవీ ఊరికే రాలేదు.

అధ్యాపకురాలు: మీ బాధ నాకు అర్థమవుతుంది సార్. అయితే మీరు చెప్పినవన్నీ ఊళ్ల పేర్లు, ఏళ్లు. ఆ ఊళ్ల దాకా మా పిల్లలు ఎలా వెళతారన్నది నా రోజువారీ సమస్య. మా కళాశాలలో మొదటి పీరియడ్ తొమ్మిదిన్నరకు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే బస్సు పదింబావుకు దిగుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకు టికెట్ లేదు. మంచి పని, కాదనను. ఇంట్లో చార్జీల కోసం చేయి చాపే పని తప్పింది. టికెట్ బాధ తీరింది గాని బస్సు వేళ మారలేదు. హాజరు తగ్గితే పరీక్ష రుసుము కట్టించుకోరు. ఏడాదంతా ఆ మొదటి పీరియడ్ పాఠం వినకుండానే పరీక్ష రాసే పిల్లలు నాకు తెలుసు.

వ్యాఖ్యాత: వేళ మార్చమని అడగలేదా?

అధ్యాపకురాలు: అడిగాం. డిపోకు అర్జీ ఇచ్చాం, రెండు నెలలు బస్సు వేళకు వచ్చింది. తర్వాత డ్రైవర్లు మారారు, కథ మొదటికి వచ్చింది. ఆఖరికి మేమే ఆ పీరియడ్ వెనక్కి జరిపాం. అప్పుడు సాయంత్రం చివరి బస్సు తప్పుతోంది.

ఇంజనీరు: కళాశాలకు దగ్గర్లో వసతిగృహం ఉంటే ఈ బస్సు గొడవే ఉండదు కదా.

అధ్యాపకురాలు: అదే అంటున్నాను. నాలుగంతస్తుల కొత్త తరగతి గదులకన్నా నాకు వంద మంది ఆడపిల్లలు పడుకోగలిగే ఒక వసతిగృహం, దానికొక కాపలా మనిషి కావాలి.

వ్యాఖ్యాత: అమ్మా, మీరు చెప్పండి. మీరు కోసిగి వైపు నుంచి కర్నూలు దాకా ఎలా వచ్చారు?

విద్యార్థిని: ఇంటర్, డిగ్రీ ఆదోనిలో చదివాను సార్. మాకు రైలు ఉంది కాబట్టి సరిపోయింది. రైలు లేని ఊళ్ల వాళ్లు మధ్యలోనే మానేశారు. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే మొదట. మా అమ్మానాన్న సుగ్గికి పోతారు.

వ్యాఖ్యాత: సుగ్గి అంటే...

విద్యార్థిని: పేపర్లలో వలస అని రాస్తారు. మేము సుగ్గి అంటాం. మా వైపు వానలు సరిగా పడవు. ముందు పత్తి తీయడానికి, తర్వాత మిరప కోతలకు గుంటూరు వైపు పోతారు. ఊరు సగం ఖాళీ అవుతుంది. ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు మిగులుతారు. కొందరైతే పిల్లలనూ తీసుకుపోతారు. నన్ను మా అవ్వ ఆపింది. లేకపోతే నేనూ ఆ మిరప చేలలోనే ఉండేదాన్ని.

(ఇక్కడ కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.)

విద్యార్థిని: డిగ్రీ చదివేటప్పుడు ఫీజు డబ్బు తల్లి ఖాతాలో పడేది. ఒక రోజు ఫోను వచ్చింది, రెండు రోజుల్లో మీ అమ్మ వచ్చి వేలిముద్ర వేయాలి అని. అమ్మ అప్పుడు మిరప కోతలో ఉంది. రానూపోనూ చార్జీలు, రెండు రోజుల కూలి పోతాయి. పైగా కూలికి తీసుకుపోయిన మేస్త్రీ పంపడు, ముందే డబ్బు తీసుకుని ఉంటారు కదా. అయినా వచ్చింది. మిరప కోసి కోసి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. యంత్రం మూడు సార్లు తీసుకోలేదు. నాలుగోసారి బొటనవేలు కాకుండా వేరే వేలు పెట్టమన్నారు, అప్పుడు పడింది.

ఆచార్యులు: ఈ మాట నేను ఏ నివేదికలోనూ చదవలేదమ్మా.

అధ్యాపకురాలు: నివేదిక రాసేవాళ్లు జనవరిలో ఆ ఊరికి పోరు సార్. పోయినా మాట్లాడటానికి మనుషులు ఉండరు.

వ్యాఖ్యాత: పీజీకి కర్నూలే ఎందుకు ఎంచుకున్నారు?

విద్యార్థిని: ఎంచుకోవడానికి ఏముంది సార్? ప్రైవేటు కళాశాలలో పీజీ చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదన్నారు. 2020లో వచ్చిన 77వ నంబరు జీవో అట. అప్పుడు విశ్వవిద్యాలయ కళాశాల ఒక్కటే దారి. సీటు వచ్చింది, వసతిగృహం దొరికింది, వచ్చాను.

ఆచార్యులు: అనంతపురం కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఎందుకు ప్రయత్నించలేదు?

విద్యార్థిని: దానికి వేరే పరీక్ష ఉందని నాకు డిగ్రీ రెండో ఏడాదిలో తెలిసింది సార్. పీజీకి రాయవచ్చని తెలిసేసరికి గడువు అయిపోయింది.

అధ్యాపకురాలు: ఇది ఈ అమ్మాయి ఒక్కదాని కథ కాదు. 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ప్రవేశాలు సీయూఈటీ అనే దేశవ్యాప్త ఉమ్మడి పరీక్ష ద్వారా. ఆ పరీక్ష 13 భాషల్లో ఉంది, తెలుగులోనూ రాయవచ్చు. మన పల్లె జూనియర్ కళాశాలలో అడిగి చూడండి. రాష్ట్రంలో ఇంజనీరింగ్ సీట్లకు రాసే ఈఏపీసెట్ అంటే అందరికీ తెలుసు. సీయూఈటీ అంటే ఆ పేరు పలకడమే కొత్త. ఆ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్న జంతలూరులో ప్రహరీ పక్కన వేరుశనగ వేసుకునే రైతు కూతురికి ఆ గేటు తెరుచుకోవాలంటే ఢిల్లీ నుంచి వచ్చే ప్రకటన చదవాలి.

ఆచార్యులు: ఇందులో ఇంకో మెలిక ఉంది. రాజ్యాంగం 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 85 శాతం సీట్లు స్థానికులకు. మనకు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం అంటే సీమ నాలుగు పాత జిల్లాలు, నెల్లూరు. కేంద్ర సంస్థలకు ఈ లెక్క లేదు. ఐఐటీకి ఉండనక్కర్లేదు, అది దేశానిది. కానీ వెనుకబాటు పేరు చెప్పి తెచ్చుకున్న కేంద్రీయ విశ్వవిద్యాలయంలో వెనుకబడిన మండలాల పిల్లలకు ప్రత్యేకంగా ఏదో ఒక మార్గం ఉండాలి. కడప జిల్లా ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీని చూడండి. పదో తరగతి మార్కులతో ప్రవేశం, ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం అదనపు స్కోరు. కోచింగ్ ఊసు లేదు. ఆ ఒక్క నిబంధన ఎన్నో పల్లెల తలుపు తట్టింది.

అధ్యాపకురాలు: ఈ విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను.

వ్యాఖ్యాత: ఇక అవకాశాల సంగతి. చదివాక ఏమిటి? ఇంజనీరు గారూ, ఇంతసేపు ఓపికగా విన్నారు.

ఇంజనీరు: కర్నూలు పక్కన గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఇవి చూపించి సీమ మారిపోయిందంటారు. సౌర పార్కు సంగతి నేను దగ్గర నుంచి చూశాను. కట్టేటప్పుడు వేల చేతులు కావాలి. కట్టాక పలకలు కడిగేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, కాపలావాళ్లు. తెరల ముందు కూర్చుని విద్యుత్ లెక్క చూసే ఉద్యోగాలు కొన్నే, వాటికి బయటి నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. భూమి ఇచ్చిన ఊరి పిల్లవాడు ఆ కుర్చీలో కూర్చోవాలంటే ఆ చదువు ఇక్కడి పాలిటెక్నిక్‌లో ఉండాలి. ఇన్వర్టరు విప్పి చూపించే ప్రయోగశాల ఉండాలి. అది లేకుండా బీఏ, బీకాం సీట్లు పెంచి ఏమి లాభం?

అధ్యాపకురాలు: బీఏని ఎందుకు తిడతారు?

ఇంజనీరు: తిట్టడం కాదు మేడమ్...

అధ్యాపకురాలు: తిట్టినట్టే ఉంది. (నవ్వు) 2023-24 నుంచి డిగ్రీలో ఒకటే ప్రధాన సబ్జెక్టు. అంతకుముందు చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి కలిపి చదివేవాళ్లు. ఇప్పుడు ఒకటి ఎంచుకోమంటే పిల్లలు కంప్యూటర్ అంటున్నారు. దానికి మనుషులు చాలరు, యంత్రాలు చాలవు. చరిత్ర చెప్పే నేను పోయిన ఏడాది ప్రధాన సబ్జెక్టు విద్యార్థి ఒక్కరు కూడా లేకుండా గడిపాను. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మాధ్యమం. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లకు ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో తెలుగు ఉన్న పుస్తకం ఇస్తే సరిపోదు. పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాలి. శాశ్వత పోస్టులు ఏళ్లుగా నిండలేదు. గంటల లెక్కన వచ్చే అతిథి అధ్యాపకులకు ఆ తీరిక ఎక్కడిది?

ఆచార్యులు: అంటే కొత్త సంస్థలు వద్దంటారా?

అధ్యాపకురాలు: పదేళ్లు వద్దంటాను. ఉన్న డిగ్రీ కళాశాలలకు అధ్యాపకులను ఇవ్వండి, వసతిగృహాలు ఇవ్వండి, తర్వాత అడుగుదాం.

ఆచార్యులు: నేను ఒప్పుకోను. పదేళ్లు అడగకుండా కూర్చుంటే ఇంకో 44 ఏళ్లు ఆగాల్సి వస్తుంది.

వ్యాఖ్యాత: ఇది తేలేలా లేదు. ఎమ్మిగనూరు దగ్గర నుంచి ఒక తండ్రి ఫోనులో ఉన్నారు. చెప్పండి అన్నా.

ఫోనులో తండ్రి: నమస్కారం సార్. మా పాప ఇంటర్ పాసైంది. మంచి మార్కులే. ఆదోనికి పంపాలా, కర్నూలుకు పంపాలా?

ఇంజనీరు: కర్నూలుకే పంపండి. ఊరు పెద్దది, నాలుగు విషయాలు తెలుస్తాయి.

అధ్యాపకురాలు: వసతిగృహం ఎక్కడ దొరుకుతుందో ముందు చూసుకోండి. అది తేలాకే ఊరు.

విద్యార్థిని: పాప ఏమి చదవాలనుకుంటోంది అన్నా?

ఫోనులో తండ్రి: పక్కనే ఉంది. నువ్వే అడుగమ్మా.

ఫోనులో అమ్మాయి: నమస్తే అక్కా. నాకు చరిత్ర చదవాలని ఉంది. అందరూ కంప్యూటర్ తీసుకోమంటున్నారు.

(స్టూడియోలో అందరూ అధ్యాపకురాలి వైపు చూశారు.)

అధ్యాపకురాలు: పోయిన ఏడాది మా దగ్గర చాలినంత మంది చేరలేదని ఆ కోర్సు నడపలేదమ్మా.

ఆచార్యులు: ఈ ఏడాది?

అధ్యాపకురాలు: ఈ ఏడాది జాబితాలో ఉంది. నడుస్తుందో లేదో చేరేవాళ్లను బట్టి. అమ్మా, లైను పెట్టేయకు. కార్యక్రమం కాగానే నేనే మాట్లాడతాను. మార్కుల జాబితా, కుల, ఆదాయ ధ్రువపత్రాలు దగ్గర పెట్టుకో.

విద్యార్థిని: మీ అమ్మ ఇప్పుడు ఊళ్లోనే ఉందా?

ఫోనులో అమ్మాయి: ఉంది అక్కా. దసరా దాకా ఉంటుంది.

విద్యార్థిని: అయితే వేలిముద్రలు, సంతకాలు ఏవి కావాలన్నా ఇప్పుడే వేయించుకో.