డిలీట్ బటన్ మీంచి వేలు తీయండి

వేదిక మీది పెద్దలకు, వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్న విద్యార్థులకు నమస్కారం. ఆగస్టు 19న, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు మైకు దొరికితే 1839, పారిస్, డాగేర్ ఫొటో పద్ధతి అంటూ అందుకోవడం ఆనవాయితీ. అది దాటేద్దాం. నాకిచ్చిన అంశం ‘ప్రయోగం, దిశ’.

సోమవారం పురుగుల్నీ పువ్వుల్నీ దగ్గర్నుంచి తీసే మాక్రో, మంగళవారం పోర్ట్రెయిట్, బుధవారం ఎవరో తయారుచేసిపెట్టిన రంగుల సెట్టింగు, అదే ప్రిసెట్. ఇది ప్రయోగం కాదు, సంత తిరగడం. ప్రయోగంలో ఒక్కటే మారాలి, మిగతావి కదలకూడదు. సయనోటైప్, అంటే మందు పూసిన కాగితం మీద ఎండతో నీలం బొమ్మ అచ్చువేయడం, చేస్తే ఈ సంగతి చేతికే తెలిసొస్తుంది. 1842 నాటి ఇంగ్లీషు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ పద్ధతి, డార్క్‌రూమ్ అక్కర్లేదు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మి.లీ. నీళ్ళలో, పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు మరో 100 మి.లీ.లో కరిగించి, వేర్వేరు ముదురు సీసాల్లో ఉంచండి. వాడేముందు సమపాళ్ళలో కలిపి, ట్యూబ్‌లైట్ ఆర్పి, మసక పసుపు బల్బు కింద కాగితానికి పూసి చీకట్లో ఆరబెట్టండి. పేరులో సయనైడ్ ఉందని బెదరక్కర్లేదు. గ్లవ్స్ వేసుకోండి, బాత్‌రూమ్ యాసిడ్‌ను మాత్రం దాని దరిదాపులకు రానివ్వకండి, విషవాయువు వస్తుంది.

కాగితం మీద వేపరెమ్మ, పైన అద్దం. అట్టముక్క జరుపుతూ 4, 8, 12, 16, 20 నిమిషాల పట్టీలు ఎండకివ్వండి. మారింది ఒక్క టైమే. కడిగినప్పుడు నీలమంతా కొట్టుకుపోతే ఎండ చాలలేదు. ఎండ సరిపోయినా నీలం వెలిసిపోతే కాగితంలో సున్నమన్నా ఉండాలి, నీళ్ళలో క్షారమన్నా ఉండాలి. మన బోరు నీళ్ళ సంగతి చెప్పాలా! మొదటి కడుగు నీళ్ళలో కాస్త నిమ్మకాయ పిండండి. పాడైన పట్టీ వెనక టైము, కాగితం, ఏ నీళ్ళో పెన్సిల్‌తో రాయండి. పారేయకండి.

పారేయడం అంటే గుర్తొచ్చింది. కెమెరా వెనక తెర చూసి అక్కడికక్కడే డిలీట్ కొట్టే అలవాటుందే, దాని మీద నాకు కోపం. మూడంగుళాల తెర అది. ఎండలో చూస్తే మంచి ఫ్రేమూ నల్లగా కనిపిస్తుంది, చీకట్లో చూస్తే నల్లదీ వెలుగుతుంది. ఫొటోలో వెలుగెంత, నీడెంత అని చూపే గ్రాఫు, హిస్టోగ్రామ్ చూడండి బాబూ! చూసి కూడా ఉంచేయండి. దిశ అనేది ఆ ‘చెత్త’లోనే ఉంటుంది. 60 ఫ్రేములు 4×6 సైజు చౌక ప్రింట్లు వేయించి నేల మీద పరిచి, వారం అలాగే ఉంచండి. పెళ్ళి ఫొటోల్లో పెళ్ళికూతురికంటే గాడిపొయ్యి దగ్గరివాళ్ళు ఎక్కువున్నారా? మీ కాళ్ళు అటే పోతున్నాయన్నమాట. పాతతరం ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి కెమెరా పట్టారు. ఆరో నిజాం కొలువులో తీసిన కట్టడాల ఫొటోల్లో నాకు ఆ చదువే కనిపిస్తుంది. మీరు వెంట తెచ్చుకున్నదేమిటో మీ ప్రింట్లే చెబుతాయి.

టైమైందంటున్నారు.  బల్ల మీది నల్ల కవర్లలో పూత పూసిన కాగితాలున్నాయి. మేడెక్కేదాకా తెరవకండి. మబ్బుగా ఉంది, మొదటి పట్టీ 10 నిమిషాలతో మొదలెట్టండి.