బొంత అంచుకు పట్టీ కొనాలా, ఇంట్లోనే కోసుకోవాలా? ఫోన్-ఇన్ కార్యక్రమం

సమర్పకురాలు: శ్రోతలకు నమస్కారం. పాత చీరలతో, మిగిలిన గుడ్డ ముక్కలతో బొంతలు కుట్టుకునేవారిలో చాలామంది పని అంతా పూర్తిచేసి, చివరికి అంచు పట్టీ దగ్గర ఆగిపోతుంటారు. దుకాణంలో దొరికే తయారు పట్టీ కొనడమా, బట్ట తెచ్చి ఇంట్లోనే కోసుకోవడమా అన్న ప్రశ్న మాకు ఉత్తరాల్లో కూడా తరచుగా వస్తోంది. ఎన్నో ఏళ్లుగా కుట్టుపని నేర్పుతున్న ఉపాధ్యాయురాలు ఈ రోజు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ కర్నూలు నుంచి. చెప్పండి అమ్మా.

శ్రోత, కర్నూలు: నమస్కారం అండి. మా అమ్మ కట్టి వదిలేసిన నాలుగు నూలు చీరలను ఆరు పొరలుగా పరిచి బొంత కుట్టాను. వెడల్పు 60 అంగుళాలు, పొడవు 90 అంగుళాలు వచ్చింది. టైలరింగ్ సామాన్ల దుకాణంలో మడిచి ఇస్త్రీ చేసిన పట్టీ చుట్టలుగా అమ్ముతున్నారు. అదే తెచ్చి వేసేయవచ్చా?

నిపుణురాలు: నమస్కారం అమ్మా. ముందు మీ బొంత మందం చూద్దాం, ఎందుకంటే జవాబు సగం అక్కడే ఉంది. దుకాణంలో దొరికే పట్టీలో ఎక్కువ భాగం మెడలకు, చంకలకు, గౌన్ల అంచులకు ఉద్దేశించి మడిచినది కాబట్టి, మడిచిన తరువాత దాని వెడల్పు అర అంగుళానికి అటూ ఇటూ ఉంటుంది. ఆరు పొరల గుడ్డను అది రెండు వైపులా నిండుగా కప్పలేదు. ముందు వైపు బాగానే కనిపించినా, వెనుక వైపు కుట్టు పట్టీ కొసన పడీ పడనట్లు పడి, కొన్ని ఉతుకులకే విడిపోతుంది. పైగా ఆ పట్టీ బొంత కొసన ఒకే పొరగా ఉంటుంది. బొంతలో మొదట చిరిగేది అంచే కదా. కప్పుకున్నవారు మీదికి లాక్కునేది అంచును పట్టుకునే, పిల్లలు ఈడ్చేది అంచును పట్టుకునే, ఉతికి పిండేటప్పుడు బరువంతా పడేదీ అక్కడే. రోజూ వాడే బొంతకు ఒంటి పొర పట్టీ వేయమని నేను ఎవరికీ చెప్పను.

సమర్పకురాలు: అయితే కర్నూలు సోదరి ఇంట్లోనే కోసుకోవాలంటారా? ఎంత బట్ట కావాలి?

నిపుణురాలు: కోసుకోవడమే మేలు, ఆ లెక్క కూడా చెబుతాను. నాలుగు వైపులా కలిపితే 300 అంగుళాలు. మూలల మడతకు, చివర అతుకుకు మరో 12 అంగుళాలు కలిపితే 312. పట్టీని రెండున్నర అంగుళాల వెడల్పున కోసి, పొడవునా సగానికి మడిచి, కోసిన కొసలు రెండూ బొంత అంచుతో కలిసేలా కుట్టి, మడత వైపును వెనక్కు తిప్పి తురుపు, అంటే హెమ్మింగ్, వేస్తే అంచున రెండు పొరలు వస్తాయి. మీది ఆరు పొరల బొంత కాబట్టి, ముందు ఒక చిన్న ముక్కను అంచుకు చుట్టి చూసి, చాలదనిపిస్తే మూడు అంగుళాల వరకు వెళ్లండి. 44 అంగుళాల పన్నా ఉన్న పాప్లిన్ తీసుకుంటే, రెండు పక్కల నేత అంచులు పోగా 42 అంగుళాలు చేతికి వస్తుంది. రెండున్నర అంగుళాల పట్టీలు ఎనిమిది కోస్తే సరిపోతుంది. అంటే 20 అంగుళాల బట్ట. మూడు అంగుళాలకు వెళ్తే 24. ఎలా చూసినా ముప్పాతిక మీటరు దాటదు. పెట్టెలో ఎన్నాళ్లనుంచో పడి ఉన్న జాకెట్టు ముక్క ఒకటి 80 సెంటీమీటర్లదైతే మీ పని అయిపోతుంది.

శ్రోత, కర్నూలు: నిలువుగా కోయాలా, ఏటవాలుగా కోయాలా అండి? మా పక్కింటి టైలరు క్రాస్ పట్టీయే వేయాలంటున్నారు.

నిపుణురాలు: మీ బొంత మూలలు గుండ్రంగా ఉంటే ఆయన మాట తప్పనిసరి, ఎందుకంటే పడుగు వెంటగానీ పేక వెంటగానీ కోసిన పట్టీ వంపు తిరగదు. మూలలు చదరంగా ఉంటే పన్నాకు అడ్డంగా కోసినదైనా సరిపోతుంది. అయితే మన్నిక మాట వేరు. నేరుగా కోసిన పట్టీని మడిచినప్పుడు మడత కొస పొడవునా ఒకటి రెండు పోగులే నడుస్తాయి. రాపిడికి ఆ పోగు తెగితే అంచు జానెడు మేర ఒకేసారి నోరు తెరుస్తుంది. ఏటవాలుగా కోసిన దాంట్లో పోగులన్నీ మడతను దాటుకుంటూ పోతాయి కాబట్టి, ఒకటి తెగినా పక్కదానిదాకా చిరుగు పాకదు. క్రాస్ పట్టీకి బట్ట చాలా వృథా అవుతుందని భయపడతారు గానీ, ముక్కలు ముక్కలుగా కోస్తేనే ఆ వృథా. 30 అంగుళాల చదరపు గుడ్డను మూల నుంచి మూలకు రెండు త్రికోణాలుగా కోసి, పొట్టి భుజాల దగ్గర కలిపి కుట్టండి. ఏటవాలు కొసలకు సమాంతరంగా రెండున్నర అంగుళాలకు ఒక గీత గీసి, ఆ గీతల కొసలు కలిసే రెండు పక్కలను ఒక గీత జరిపి జోడిస్తే గొట్టం వస్తుంది. గీత వెంటే కత్తెర తిప్పుతూ పోతే అతుకులు పోను కూడా 312 అంగుళాలకు మించిన ఒకే పట్టీ చేతికి వస్తుంది. ఒక్కసారి కాగితం మీద చేసి చూస్తే ఇది అర్థమవుతుంది, మాటల్లో వింటే కాదు. చారల బట్టను ఇలా కోశారంటే అంచంతా తాడు పేనినట్లు కనిపిస్తుంది. నాకు అది చాలా ఇష్టం.

సమర్పకురాలు: ధన్యవాదాలమ్మా. తెనాలి నుంచి ఒక టైలరు గారు ఎదురుచూస్తున్నారు.

శ్రోత, తెనాలి: నమస్కారం మేడమ్. నేను పసిపిల్లల బొంతలు కుట్టి దుకాణాలకు ఇస్తాను. కొలత 30, 40 అంగుళాలు. పట్టీ కోసి, మడిచి, ఇస్త్రీ చేసేసరికి బొంత కుట్టినంత సేపు పడుతోంది. తయారు పట్టీ చుట్ట కొంటే నాణ్యత తగ్గుతుందా?

నిపుణురాలు: నమస్కారం అండి. మీ విషయంలో నా జవాబు మారుతుంది. ఇంటి అవసరానికి కుట్టుకునేవారికి గంట సేపు కూర్చుని కోసుకోవడం భారం కాదు, మీకు ఆ గంటే సంపాదన. మీ బొంతకు మూలలతో కలిపి 152 అంగుళాల పట్టీ చాలు, పొరలు కూడా పలుచన కాబట్టి తయారు పట్టీలో వెడల్పైన రకం సరిపోతుంది. కానీ కొనేముందు మూడు విషయాలు చూడండి. ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించండి. కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిదైతే నూలు, కరిగి గట్టి పూసలా ఉండకడితే పాలిస్టర్ కలిసినట్టు. పసిబిడ్డ బుగ్గకు, నోటికి తగిలేది అంచే కాబట్టి ఇక్కడ నూలే కావాలి. రెండవది, పట్టీని వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. వదులుగా నేసిన గుడ్డకు గంజి పెట్టి బిరుసుగా చేసి అమ్మడం ఉంది. చేతికి దళసరిగా తగిలినా, వెలుతురులో జల్లెడగా కనిపిస్తే వదిలేయండి. మూడవది, మూర పొడవు ముక్కను కొలిచి, ఉతికి, ఆరబెట్టి, మళ్లీ కొలవండి.

శ్రోత, తెనాలి: ఉతికితే పట్టీ పొట్టిదవుతుందనా అండి?

నిపుణురాలు: అవును. నూటికి మూడు వంతులు కుదించుకుపోయే బట్ట అనుకుంటే, మీ 40 అంగుళాల వైపున అది అంగుళం పైమాటే. లోపలి గుడ్డ ముందే ఉతికినదై, పట్టీ ఉతకనిదైతే అంచు బిగుసుకుపోయి బొంత మధ్యలో ఉబ్బుతుంది. పట్టీ పాలిస్టర్‌దై, లోపలి గుడ్డ కొత్త నూలుదైతే దీనికి తిరగబడి అంచు అలలు అలలుగా వదులవుతుంది. కొన్న పట్టీతో వచ్చే ఫిర్యాదుల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే, కుట్టు లోపం కాదు. మీకు మరో దారి కూడా ఉంది. రెండు మూడు మీటర్ల నూలు బట్టను ముందే తడిపి ఆరబెట్టి, నెలకు సరిపడే పట్టీ ఒకే పూటలో కోసి చుట్ట చుట్టి పెట్టుకోండి. మడత ఇస్త్రీ చేయడానికి పట్టీని ఒక కొస నుంచి దూర్చి లాగే చిన్న లోహపు పనిముట్టు దుకాణాల్లో దొరుకుతుంది. మీరు మూలలు గుండ్రంగా తిప్పేస్తే మిషన్‌కు పట్టీ వేసే బైండర్ తగిలించుకోవచ్చు, మూల మూలకూ ఆగి మడవవలసిన పని ఉండదు.

సమర్పకురాలు: ఇప్పుడు అమెరికాలోని డాలస్ నుంచి ఒక సోదరి.

శ్రోత, డాలస్: నమస్కారం అండి. మా అత్తగారి గద్వాల చీరలతో మా అమ్మాయికి బొంత కుడుతున్నాను. చీర అంచు వెడల్పుగా, జరీతో చాలా అందంగా ఉంది. దాన్నే చుట్టూ పట్టీగా వేస్తే ఇక ఏదీ కొననక్కరలేదు కదా అనిపించింది. లేకపోతే ఇక్కడ బొంతల కోసమే మడిచిన పట్టీ పొట్లాల్లో అమ్ముతారు.

నిపుణురాలు: గద్వాల చీర ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ అంచును పట్టీగా వేయవద్దమ్మా. జరీ పోగు మడత దగ్గర విరుగుతుంది, విరిగిన కొస చర్మానికి గీసుకుంటుంది. నూలు, పట్టు ఉతుకులో ఒకే తీరున కుదించుకోవు. పైగా అది పడుగు వెంట నడిచే అంచు కాబట్టి మూలల దగ్గర మొండికేస్తుంది. దాన్ని లోపలికి జరిపి, బొంత చుట్టూ ఒక చట్రంగా అతికించండి. రాపిడి తగలని చోట ఉంటుంది, అందం పోదు. దాని వెలుపల అదే రంగు నూలు పట్టీ వేయండి. మీరు చెప్పిన పొట్లాల పట్టీ బొంతల కోసమే వెడల్పుగా మడిచినది కాబట్టి వెడల్పు సమస్య రాదు, కానీ అందులో పాలిస్టర్ కలిసినది ఎక్కువ. ఒక్కో పొట్లం సాధారణంగా మూడు గజాలు, అంటే 108 అంగుళాలు. పెద్ద బొంతకు మూడు నాలుగు పొట్లాలు అతకాలి. ముందే మడిచిన పట్టీని విప్పి అతికితే అతుకు దగ్గర మడత సరిగా కూర్చోదు. మీ దగ్గర రెండున్నర అంగుళాల వెడల్పుతో ముందే కోసి చుట్టగా అమ్మే నూలు ముక్కలు దొరుకుతాయి కదా, మీకు సమయం లేకపోతే అవి తీసుకోండి. కోత మాత్రం కొన్నట్టు, మడతా కుట్టూ మీవే. నిగనిగలాడే శాటిన్ పట్టీ జోలికి మాత్రం వెళ్లవద్దు, సూది కింద జారిపోతుంది.

సమర్పకురాలు: మచిలీపట్నం శ్రోత చిన్న ప్రశ్న అంటున్నారు.

శ్రోత, మచిలీపట్నం: పెడన కలంకారీ గుడ్డ, ముదురు ఎరుపుది, తెల్ల బొంతకు పట్టీ వేయాలనుకుంటున్నాను. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందా అండి?

నిపుణురాలు: నిలవదు. అద్దకం అయిపోయిన గుడ్డకు ఉప్పు ఏమీ చేయలేదు, అది మనవాళ్ల నమ్మకం మాత్రమే. గుడ్డను కోయకముందే విడిగా ఉతికి, తడి మీదే తెల్ల నూలు గుడ్డ మీద పరిచి ఆరనివ్వండి. మరక పడుతున్నంత కాలం మళ్లీ ఉతకండి. నాలుగైదు ఉతుకుల తరువాత కూడా పడుతుంటే ఆ గుడ్డ తెల్ల బొంతకు పనికిరాదు. తయారు పట్టీ కొన్నా ఇదే పరీక్ష. చుట్ట మొత్తం ఉతికితే మడతలు పోతాయని చాలామంది ఈ పని మానేస్తారు, తరువాత బాధపడతారు.

సమర్పకురాలు: చివరి ఫోన్ సిద్దిపేట నుంచి. చెప్పండి పెద్దాయనా.

శ్రోత, సిద్దిపేట: మా అమ్మ కుట్టిన బొంత ఒకటి ఉన్నదమ్మా. నడుమంతా గట్టిగనే ఉన్నది, చుట్టూ అంచే పీలికలైంది. ఆ బొంతకు విడిగా పట్టీ అన్నదే లేదు. ఇప్పుడు కొన్న పట్టీ వేయాలా, కోసినది వేయాలా?

నిపుణురాలు: నమస్కారం అండి. మన ఊళ్లలో చాలా బొంతలకు విడి పట్టీ ఉండేది కాదు. అడుగు గుడ్డనే కాస్త పెద్దగా వదిలి మీదికి మడిచి కుట్టేవారు, లేదా పై గుడ్డను, అడుగు గుడ్డను లోపలికి మడిచి కలిపేసేవారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్ది మహిళలు కుట్టే కవండి అనే బొంతకు కుట్టు అంచు దగ్గరే మొదలై లోపలికి సాగుతుంది, కాబట్టి అక్కడా పట్టీ అవసరం రాదు. మీ బొంతకు కొన్న పట్టీ అసలే వద్దు. బిరుసైన కొత్త పట్టీ, గట్టి పాలిస్టర్ దారం కలిసి నలిగిన పాత గుడ్డను కుట్టు వెంటే కోసేస్తాయి. పీలికలను కత్తిరించి పారేయకుండా లోపలికి సర్ది, అంచు నుంచి గుడ్డ ఇంకా గట్టిగా ఉన్న చోటు వరకు, అది ముప్పావు అంగుళమైనా సరే, కొలిచి చూడండి. ఆ కొలతకు తగినట్లు నాలుగు అంగుళాల వరకు వెడల్పైన క్రాస్ పట్టీ కోయించి, నూలు దారంతో చేతి తురుపు వేయించండి. మిషన్ కుట్టు వద్దు.

శ్రోత, సిద్దిపేట: ఇంట్లో నా పాత పంచెలు ఉన్నాయి. పనికొస్తాయా?

నిపుణురాలు: అంతకంటే మంచి గుడ్డ దొరకదు, ఎన్నోసార్లు ఉతికినది కాబట్టి ఇక కుదించుకోదు. వెలుతురుకు పట్టి చూసి, మోకాళ్ల దగ్గర పలచబడిన భాగం వదిలేయండి. పంచె అంచును కూడా పట్టీలో కలపనివ్వకండి. అది మిగతా గుడ్డకంటే బిగువుగా నేసినది, ఏటవాలుగా కోసినా అక్కడ సాగదు.

సమర్పకురాలు: సమయం అయిపోయింది. ఫోన్ చేసిన అందరికీ కృతజ్ఞతలు. లైనులో మిగిలిపోయినవారు మీ ప్రశ్నలను బొంత కొలతలతో సహా ఉత్తరంలో రాసి పంపండి, వచ్చే వారం జవాబు చెప్పిస్తాము.