ముందు రిసీవర్ వెనక చూడండి, తర్వాత ప్లేయర్ కొనండి

నమస్తే అండీ. హన్మకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈ మధ్య మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే: "అన్నా, 4కె టీవీ ఉంది, హోమ్ థియేటర్ రిసీవర్ ఉంది, ఇప్పుడు 4కె బ్లూరే డిస్క్ ప్లేయర్ ఏది తీసుకోవాలి?" ఒక మోడల్ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ అలా కొన్న ఇళ్లకు వెళ్లి చూస్తే ప్లేయర్ మంచిదే ఉంటుంది, సౌండ్ మాత్రం టీవీ యాప్‌లో వచ్చేదాని కంటే గొప్పగా ఏమీ ఉండదు. డిస్క్‌లో ఉన్న సౌండ్ రిసీవర్ దాకా, అంటే సౌండ్ తీసుకుని స్పీకర్లకు పంచే ఆ పెట్టె దాకా, రాకుండా దారిలోనే తగ్గిపోతోంది. అందుకే ఇవాళ ముందు ఆ దారి గురించి మాట్లాడుకుందాం, మోడళ్లు తర్వాత.

ఓటీటీ ఉండగా డిస్క్ ఎందుకు అంటారా? అడగాల్సిన మాటే. 4కెలో చూడాలంటే 15 ఎంబీపీఎస్ (సెకనుకు 15 మెగాబిట్లు) నెట్ ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెప్తుంది. అంటే బొమ్మ, సౌండ్ అన్నీ కలిపి ఆ కాస్తలోనే సర్దాలి. 100 జీబీ 4కె బ్లూరే డిస్క్‌కి ఆ హద్దు 100 ఎంబీపీఎస్ పైనే ఉంది. పట్టపగలు ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్‌లో ఈ తేడా పెద్దగా తెలియదు. జోరు వాన, పొగ, దుమ్ము లేచే జాతర జనం, చీకట్లో దీపం వెలుగు, ఇలాంటివి వచ్చినప్పుడు చూడండి. స్ట్రీమింగ్‌లో నీడలు గడులు గడులుగా విడిపోతాయి, డిస్క్‌లో నీడ నీడలాగే ఉంటుంది.

సౌండ్‌లో తేడా ఇంకా ఎక్కువ. ఓటీటీలో వచ్చే ఆట్మాస్‌ను, అంటే తల మీద నుంచి కూడా వినిపించే డాల్బీ సౌండ్‌ను, డాల్బీ డిజిటల్ ప్లస్ అనే ఫార్మాట్‌లో కుదించి పంపుతారు. డిస్క్ మీద ఉండే ఆట్మాస్ ట్రూహెచ్‌డి అనే ఫార్మాట్‌లో ఉంటుంది, అందులో కుదింపు వల్ల పోయేది ఏమీ ఉండదు. డీటీఎస్ కంపెనీ వాళ్ల డీటీఎస్-హెచ్‌డి మాస్టర్ ఆడియో కూడా అంతే. నన్నడిగితే డిస్క్ కొనడానికి మొదటి కారణం సౌండే, బొమ్మ ఆ తర్వాత.

సరే, ఇప్పుడు మీ రిసీవర్‌ను కాస్త ముందుకు జరిపి వెనక చూడండి. నిజంగానే చూడండి, వీడియో ఆపి వెళ్లి రండి. హెచ్‌డిఎంఐ ఇన్‌పుట్‌ల దగ్గర 4కె అని గానీ, హెచ్‌డిసిపి 2.2 అని గానీ రాసి ఉందా? లేకపోతే మాన్యువల్‌లో వెతకండి. ఈ హెచ్‌డిసిపి 2.2 అనేది కాపీ కాకుండా వేసే తాళం. 4కె డిస్క్ ఆడాలంటే ప్లేయర్, రిసీవర్, టీవీ మూడింటికీ అది తెలిసి ఉండాలి. మధ్యలో ఉన్న పాత రిసీవర్‌కు తెలియకపోతే బొమ్మ మామూలు హెచ్‌డికి పడిపోతుంది, ఒక్కోసారి అసలే రాదు.

రిసీవర్ కొత్తదైతే పని సులువు. ప్లేయర్ నుంచి రిసీవర్‌కి ఒక కేబుల్, రిసీవర్ నుంచి టీవీకి ఒక కేబుల్. రిసీవర్ పాతదైనా మంచిదే అనుకోండి, దాన్ని అమ్మేయకండి. రెండు హెచ్‌డిఎంఐ అవుట్‌పుట్‌లు ఉన్న ప్లేయర్ తీసుకోండి. ఒకటి నేరుగా టీవీకి పోతుంది, బొమ్మ కోసం. రెండోది రిసీవర్‌కి పోతుంది, సౌండ్ కోసమే. సోనీ ఎక్స్700, ఎక్స్800ఎం2, పానాసోనిక్ యూబీ420, యూబీ820, ఈ నాలుగింటికీ ఆ సౌకర్యం ఉంది. ప్లేయర్‌లో చూడాల్సిన మొదటి గుణం ఇదే అంటాను. వేలు పోసి కొన్న రిసీవర్‌ను ఇంకొన్నేళ్లు నిలబెట్టేది ఆ రెండో సాకెట్టే.

ఎక్కువమంది చేసే కనెక్షన్ వేరే ఉంది: ప్లేయర్‌ను టీవీకి పెట్టి, టీవీలో సౌండ్‌ను వెనక్కి పంపే ఏఆర్‌సి అనే హెచ్‌డిఎంఐ పోర్టు నుంచి రిసీవర్‌కి కేబుల్. సెట్‌టాప్ బాక్స్‌కి, యాప్‌లకి అది చాలు. కానీ మామూలు ఏఆర్‌సి మీదుగా ట్రూహెచ్‌డి రాదు, డీటీఎస్-హెచ్‌డి మాస్టర్ ఆడియో రాదు. దాని మెరుగైన రకం ఈఏఆర్‌సి అయితేనే వస్తాయి, అదీ టీవీకి, రిసీవర్‌కి రెండింటికీ ఉంటేనే. ఎర్రటి వెలుగు వచ్చే ఆప్టికల్ కేబుల్‌తోనూ అంతే, కుదించిన 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) దాటి ముందుకు పోదు.

ఇక మోడళ్లు. ముందే చెప్పాల్సిన సంగతి ఏంటంటే, ప్లేయర్లు తయారుచేసే కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకుంటున్నాయి. ఒప్పో 2018లో ఆపేసింది. శాంసంగ్ 2019లో కొత్త మోడళ్లు ఆపేసింది. ఆ తర్వాత ఎల్‌జీ కూడా తప్పుకుంది. అందుకే మన చౌరస్తా షాపుల్లో అడిగితే సౌండ్‌బార్ చూపిస్తారు. చాలామందికి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమో, అమెరికాలో ఉన్న వాళ్లతో తెప్పించుకోవడమో తప్ప దారి లేదు.

హెచ్‌డిఆర్ అంటే వెలుగునీడలు, రంగులు ఇంకా బాగా చూపే పద్ధతి; డాల్బీ విజన్, హెచ్‌డిఆర్10 ప్లస్ దానిలో రెండు రకాలు. మీది శాంసంగ్ టీవీ అయితే అందులో డాల్బీ విజన్ ఉండదు, హెచ్‌డిఆర్10 ప్లస్ ఉంటుంది. కాబట్టి యూబీ420 మీకు సరిగ్గా సరిపోతుంది. దానికీ డాల్బీ విజన్ లేదు, దానికోసం మీరు డబ్బు కట్టనక్కర్లేదు. సోనీ, ఎల్‌జీ టీవీల్లో డాల్బీ విజన్ ఉన్న మోడల్ మీ దగ్గరుంటే యూబీ820 హాయి, డిస్క్‌ను బట్టి డాల్బీ విజన్‌ను ఆ ప్లేయరే ఆన్, ఆఫ్ చేసుకుంటుంది. సోనీ ప్లేయర్లలో డాల్బీ విజన్‌ను మెనూలోకి వెళ్లి మనమే ఆన్, ఆఫ్ చేసుకోవాలి. ఆన్‌లో వదిలేస్తే మామూలు హెచ్‌డిఆర్ డిస్క్‌ను కూడా డాల్బీ విజన్‌గానే పంపిస్తుంది, రంగులు తేడాగా కనిపిస్తాయి. ఇంట్లో అందరూ వాడే ప్లేయర్ అయితే ఇది ఆలోచించుకోండి. అయితే ఎక్స్800ఎం2లో ఎస్‌ఏసిడిలు (మామూలు సిడి కంటే మెరుగైన సౌండ్ ఉండే సూపర్ ఆడియో సిడిలు) కూడా ఆడతాయి, పాటల డిస్క్‌లు ఉన్నవాళ్లకు అది పెద్ద సంగతి.

పిల్లల కోసం పీఎస్5 గేమ్ కన్సోల్ ఉంది, చాలదా అంటే, డిస్క్ డ్రైవ్ ఉన్నదైతే 4కె బ్లూరే చక్కగా ఆడుతుంది. డిస్క్‌కి డాల్బీ విజన్ రాదు, ఆడియో సిడి అసలే ఆడదు. ఈ రెండూ మీకు అక్కర్లేకపోతే కొత్త ప్లేయర్ కొనకండి, ఆ డబ్బు పెట్టి డిస్క్‌లు కొనుక్కోండి.

ఇప్పుడు అమెరికా సంగతి, ఇది మన ఇళ్లకు చాలా ముఖ్యం. వరంగల్‌లో ఎవరింట్లో చూసినా అన్నో, అక్కో, బిడ్డో అక్కడ ఉన్నారు. వస్తూ వస్తూ ప్లేయర్ పట్టుకొస్తాం అంటారు. తెప్పించే ముందు మూడు సంగతులు అడగండి. మొదటిది కరెంటు. ప్లేయర్ వెనక చిన్న అక్షరాల్లో 100-240 అని ఉంటే ప్లగ్ మార్చుకుంటే చాలు. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల్లో నేరుగా పెట్టొద్దు, కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ప్లేయర్ వాడే కరెంటు తక్కువే, 100 వాట్లది చాలు.

రెండోది రీజియన్, అంటే డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే గుర్తు. 4కె డిస్క్‌లకు రీజియన్ లేదు, ఎక్కడివైనా ఆడతాయి. మామూలు బ్లూరేలకు ఉంది: అమెరికా ఏ, మనది సి. డివిడిల్లో అమెరికా 1, మనది 5. 4కె ప్యాక్‌లో రెండో డిస్క్‌గా మామూలు బ్లూరే ఇస్తారు చూడండి, అది ఆడక కంగారు పడే వాళ్లు ఉన్నారు. డిస్క్ పాడైంది కాదు, రీజియన్ తేడా.

మూడోది ఎవరూ చెప్పరు. మన స్టూడియోల వాళ్లు ఇచ్చిన పెళ్లి డివిడిలు పాల్ పద్ధతిలో ఉంటాయి, అంటే సెకనుకు 25 ఫ్రేములు. అమెరికా మార్కెట్ కోసం చేసిన ప్లేయర్లు చాలావాటిలో పాల్ డిస్క్ ఆడదు. కాజీపేటలో మా బావ వాళ్ల ఇంట్లో ఇదే జరిగింది. డాలస్ నుంచి వచ్చిన ప్లేయర్‌లో 4కె సినిమా అద్భుతంగా ఆడింది, మా అక్క పెళ్లి డిస్క్ పెడితే మాత్రం తెర మీద ఎర్రర్ వచ్చింది. అక్కకు ఆ ప్లేయర్‌తో అసలు పని ఆ డిస్క్ చూడడమే. చివరికి పక్కన మామూలు డివిడి ప్లేయర్ ఒకటి పెట్టాం. ఇంట్లో పాత డివిడిలు ఉంటే మన దేశంలో అమ్మే మోడలే తీసుకోండి, లేదా పాల్ ఆడుతుందని రాతపూర్వకంగా ఉన్నది చూసి తీసుకోండి.

ఆ ఇంట్లోనే సెట్టింగ్‌లు కూడా చేశాను, అవి మీకూ పనికొస్తాయి. ఆట్మాస్ డిస్క్ పెట్టాం, నాలుగు మూలలా స్పీకర్లు మోగుతున్నాయి, అందరూ సంతోషమే. కానీ రిసీవర్ ముందు భాగంలో ఉన్న చిన్న డిస్‌ప్లే చూస్తే 'మల్టీ పీసీఎం' అని ఉంది. అంటే ప్లేయరే సౌండ్‌ను విప్పేసి పంపిస్తోంది, పైకప్పు స్పీకర్లకు వెళ్లాల్సిన ఆట్మాస్ సమాచారం ప్లేయర్‌లోనే ఆగిపోయింది. ఆడియో సెట్టింగ్‌ల్లోకి వెళ్లి డిజిటల్ అవుట్‌పుట్‌ను పీసీఎం నుంచి బిట్‌స్ట్రీమ్‌కి, అంటే విప్పకుండా పంపే పద్ధతికి, మార్చాం. డిస్‌ప్లే మీద 'డాల్బీ డిజిటల్' అని వచ్చింది. ఇంకా కాలేదు. కొంచెం కిందికి పోతే సెకండరీ ఆడియో అని ఒకటి ఆన్‌లో ఉంది. సోనీలో దాన్నే బీడీ ఆడియో మిక్స్ అంటారు. మెనూ టిక్‌టిక్ శబ్దాలు, దర్శకుడి వ్యాఖ్యానం లాంటివి సినిమా సౌండ్‌లో కలపడానికి అది పెట్టారు. అలా కలపాలంటే ప్లేయర్ అసలు ట్రాక్‌ను విప్పి, మళ్లీ మామూలు డాల్బీగా కట్టి పంపుతుంది. దాన్ని ఆఫ్ చేశాం. డిస్‌ప్లే ఒక్క క్షణం ఖాళీ అయ్యి 'డాల్బీ ఆట్మాస్' అని వెలిగింది. అప్పుడు అదే వాన సీన్ మళ్లీ పెడితే చినుకులు నెత్తి మీద నుంచి పడుతున్నట్టు వినిపించాయి. మా బావ లేచి పైకి చూశాడు.

కాబట్టి సౌండ్ చెవికి బాగుంది అని ఆగకండి. డిస్క్ కవర్ వెనక ఏ సౌండ్ పేరు రాసి ఉందో, రిసీవర్ డిస్‌ప్లే మీద అదే పేరు రావాలి. రాకపోతే ఆ రెండు సెట్టింగ్‌లు చూడండి. డీఆర్‌సి అని ఇంకోటి ఉంటుంది, గట్టి శబ్దాన్ని తగ్గించి చిన్న శబ్దాన్ని పెంచుతుంది. రాత్రి పిల్లలు నిద్రపోయాక చూసేటప్పుడు ఉంచండి, మిగతా సమయంలో ఆఫ్.

బొమ్మకు సంబంధించి రెండు మాటలు చాలు. 24పి అవుట్‌పుట్ ఆటోలో ఉంచండి. సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేములతో, అలాగే టీవీకి వెళ్తే కెమెరా పక్కకు తిరిగినప్పుడు కుదుపు ఉండదు. రెండోది టీవీలో చేయాల్సింది. ప్లేయర్ లేదా రిసీవర్ పెట్టిన హెచ్‌డిఎంఐ పోర్టుకు పూర్తి సిగ్నల్ తెరవాలి. శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో డీప్ కలర్, సోనీలో హెచ్‌డిఎంఐ సిగ్నల్ ఫార్మాట్. అది తెరవకపోతే హెచ్‌డిఆర్ సరిగా రాదు. కేబుల్ 18 జీబీపీఎస్ మోసే ప్రీమియం హై స్పీడ్ రకం తీసుకోండి, ఎంత పొడవు కావాలో అంతే. బంగారు పూత, మందపాటి తొడుగు చూసి వేలు పెట్టకండి. తెర మీద తెల్లటి చుక్కలు మెరిసినా, మధ్యలో సెకను నల్లబడినా ముందు కేబుల్ మార్చి చూడండి.

పాత పెళ్లి డివిడి పెట్టినప్పుడు మనుషులు లావుగా, పొట్టిగా కనిపిస్తే కంగారు పడొద్దు. ఆ వీడియో పాత టీవీ ఆకారంలో తీసింది. టీవీలో పిక్చర్ సైజును 4:3 చేయండి. అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తాయి, మనుషులు మనుషుల్లా కనిపిస్తారు.

ప్లేయర్‌ను షోకేసులో అద్దం తలుపు వెనక మూసి పెట్టకండి. మన మే నెల ఎండల్లో గదే 40 దాటుతుంటే లోపల ఇంకెంత ఉంటుందో చూడండి. పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి, రిసీవర్ మీద మాత్రం పెట్టొద్దు. కరెంటు పోయి ఒక్కసారిగా వచ్చే ఏరియా అయితే సర్జ్ ప్రొటెక్టర్ తప్పనిసరి.

డిస్క్ తుడిచేటప్పుడు గుండ్రంగా తుడవకండి. మధ్య నుంచి అంచుకు నేరుగా, మెత్తటి గుడ్డతో. గుండ్రంగా పడిన గీత డేటా వరస వెంబడే పోతుంది, ప్లేయర్ సరిచేసుకోలేదు. అడ్డంగా పడిన గీతను దాటేస్తుంది. బ్లూరేలో డేటా పొర పైనుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, డివిడిలో 0.6. బ్లూరే మీద గట్టి పూత వేసేది అందుకే.

చివరిగా ఒకటి, ఇది బతిమాలి చెప్తున్నాను. సినిమా డివిడి అచ్చు వేసింది, దశాబ్దాలు ఉంటుంది. పెళ్లి డివిడి అలా కాదు, రంగు పొర మీద లేజర్‌తో రాసింది. ఎండకు, వేడికి ఆ రంగు పోతుంది, ఒకరోజు పెడితే 'నో డిస్క్' అంటుంది. స్టూడియోల్లో చాలామంది పాత ఫుటేజ్ ఉంచుకోరు. ఈ ఆదివారం ఆ డిస్క్‌లన్నీ బయటికి తీయండి. కంప్యూటర్‌లో ఐఎస్‌ఓ ఫైలుగా, అంటే డిస్క్ మొత్తం ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా, కాపీ చేయండి, అలా చేస్తే క్వాలిటీ ఏమీ తగ్గదు. ఒక్కో డివిడి సాధారణంగా 4.7 జీబీ లోపే ఉంటుంది, ఇంట్లోవన్నీ ఒక చిన్న హార్డ్ డిస్క్‌లో పడతాయి. రెండు కాపీలు చేసి ఒకటి అక్క దగ్గరో, అన్న దగ్గరో ఉంచండి.